ఎనభై ఏడో ముద్దాయి

బజారంతా చూస్తుండగా హొస్నె ఆరా వచ్చి మొర్జినా జుట్టు పట్టుకుంది.

కత్తిపీట ముందు కూర్చున్న మనిషి జుట్టు పట్టుకోవడమంటే మాటలు కాదు. మొర్జినా అప్పుడే ఓ పెద్ద చేపని బూడిదలో పొర్లించి తల తెగ్గోస్తోంది. చెయ్యి కాస్త జారినా వేళ్ళు తెగి పళ్ళెంలో పడేవి. చేప కొన్న పెద్దమనిషి సంచీతో సహా నాలుగడుగులు వెనక్కి గెంతాడు. చేపలు కోసే ఆడవాళ్ళ వరసంతా ఒక్కసారి పని ఆపేసింది.

"నా మొగుణ్ణి మింగావు కదే! ఇప్పటికి చల్లబడిందా నీ కడుపు?" అని అరిచింది హొస్నె ఆరా.

"ముందు వదులు. వదల్లేదంటే ఈ పేగులు తీసి మొహాన కొడతా."

"కొట్టు! కొట్టవే! పొద్దున్నే పోలీసులొచ్చి లుంగీ మీదున్న మనిషిని ఉన్నపళంగా లాక్కెళ్ళారు. నీ కేసులో ఎనభై ఏడో ముద్దాయంట. నీ మొగుణ్ణి మేడ మీంచి పిస్తోలుతో కాల్చాడంట. మా ఆయన పిస్తోలు పట్టడమేంటే? సూది పట్టుకుంటేనే చెయ్యి వణుకుతుంది ఆయనకి!"

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అది నిజమే మరి. ఆమె మొగుడు కుద్దూస్ మియా మందుల షాపులో సూది పొడిపించుకున్నవాళ్ళకి ఆ వణుకు ఎలాంటిదో తెలుసు.

మొర్జినా జుట్టు విడిపించుకుని లేచి నిలబడింది. నలభై రెండేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. చేతులనిండా పొలుసులు.

"ఏ కేసు?" అంది.

"ఏ కేసా? నంగనాచి! వాది మొర్జినా బేగం, భర్త షహీద్ తొఫజ్జల్ అని రాసుందంట, కింద నీ సంతకం కూడా ఉందంట!"

మొర్జినాకి అప్పుడు గుర్తొచ్చింది. ప్రభుత్వం పడిపోయిన నెల చివర్లో మొఫిజ్ వచ్చాడు. పాత పార్టీవాళ్ళు పారిపోయాక ఆ పేటలో గొంతు పెంచినవాడు మొఫిజ్. "ఉద్యమంలో ప్రాణాలిచ్చిన షహీదుల జాబితాలో మీ ఆయన పేరెక్కించాలి ఆపా, ఇక్కడొకటి, ఇక్కడొకటి పెట్టు" అని అక్క వరస కలిపి నాలుగు కాగితాలు చాపాడు. రెంటి మీద ఏదో రాసుంది. రెండు తెల్లగా ఉన్నాయి. ఆ పూట పెట్టిన సంతకాల సంగతి ఆమె మళ్ళీ ఆలోచించలేదు.

"మీ ఆయన్ని పట్టుకెళ్ళారా? మంచిదే అయింది," అంది మొర్జినా.

ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అంది.

ఎందుకంటే జూలైలో జరిగింది జరిగినట్టు ఆ పేటలో అందరికీ తెలుసు. తొఫజ్జల్ సామాన్ల రిక్షా తొక్కేవాడు. రాజకీయాలు తెలియని మనిషి. ఫ్లైఓవర్ కింద సర్కారుని ఎదిరించిన కుర్రకారు మీద పోలీసుల కాల్పులు మొదలయ్యాక ఆ మూడు రోజులూ సామాన్లు మానేసి, దెబ్బతిన్నవాళ్ళని బండి మీదేసుకుని ఆసుపత్రికి చేరేసేవాడు. కర్ఫ్యూ పెట్టిన రోజు పొద్దువాలే అసరు నమాజు వేళ మొర్జినాకి కబురొచ్చింది. పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆయన కుద్దూస్ మందుల షాపు ముందు గడప మీద పడి ఉన్నాడు. కడుపు పట్టుకుని ఉన్నాడు. ఆయన బండి మీద తెచ్చిన దెబ్బతిన్న మనిషిని ఎవరో అప్పటికే ఎత్తుకెళ్ళారు. షాపు షట్టర్ దించి ఉంది. లోపల లైటు వెలుగుతోంది, కింద సందులోంచి కనబడుతోంది. మొర్జినా రెండు చేతులతో ఆ రేకు బాదింది. "దూదన్నా ఇవ్వు, కట్టు కట్టే బట్టన్నా ఇవ్వు" అని అరిచింది. లోపల లైటు ఆరిపోయింది.

తర్వాత ఆమే ఆయన్ని ఆయన బండి మీదికే ఎత్తి, దారినపోయే ఒకాయన వెనక తోస్తుంటే, తొక్కుకుంటూ వెళ్ళింది. దారిలో తొఫజ్జల్ రెండే రెండు ముక్కలు మాట్లాడాడు. "ఆతిక్ ఎస్సై" అన్నాడు. "నేను చేతులెత్తాను" అన్నాడు. ఆసుపత్రి గేటు దాకా ప్రాణం నిలవలేదు.

అందుకని కుద్దూస్ మియా అంటే ఆమెకి ఒళ్ళు మంట. పిసినారి, నోటి దురుసు మనిషి. పదేళ్ళుగా తన షాపు ముందునుంచి ఆమె వెళ్తుంటే ముక్కు మూసుకునేవాడు. ఇప్పుడు జైల్లో చిప్పకూడు తింటాడంటే ఆ రోజు మిగతా చేపల్ని ఆమె హుషారుగానే కోసింది.

సాయంత్రం ఇంటికెళ్ళే ముందు మాత్రం కోర్టు వీధిలో టైపు కొట్టే ఒక ముసలాయన దగ్గరికెళ్ళి, కేసు కాగితం నకలు సంపాదించి చదివించుకుంది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. నూట నలభై మూడుమంది ముద్దాయిలు. మొదట పెద్ద పెద్ద మంత్రులు. తర్వాత ఎక్కడో దూరప్రాంతం వ్యాపారులు, ఓ బడి హెడ్మాస్టరు, ఎప్పుడో పక్షవాతమొచ్చి మంచంలో ఉన్న ఒక కాంట్రాక్టరు. ఎనభై ఏడు, కుద్దూస్ మియా: మూడంతస్తుల మేడ మీంచి పిస్తోలుతో కాల్చాడు.

"ఆతిక్ ఎస్సై ఎన్నో నంబరు?" అంది మొర్జినా.

ముసలాయన మొదట్నుంచి చివరిదాకా వేలు పెట్టి వెతికాడు. మళ్ళీ వెతికాడు.

"లేడమ్మా."

"సరిగ్గా చూడు."

"పోలీసువాడి పేరు ఒక్కటీ లేదమ్మా ఇందులో."

"మేడ మీంచి కాల్చారని రాశారా? ఎదురుగా నిలబడి కాల్చాడు. గుండు ముందునుంచి వెళ్ళింది. ఒళ్ళు కడిగింది నేను. నాకు తెలీదా?"

"నన్ను తిడతావేంటమ్మా? సంతకం నీదే ఉంది," అన్నాడు ముసలాయన.

ఆ మాట ఆమెని గుచ్చింది. తన మొగుడి చావుని ఎవడో కూర్చుని కథలా అల్లి, దాని కింద తన చేతే సంతకం పెట్టించాడు.

మర్నాడు ఆమె మొఫిజ్ ఆఫీసుకి వెళ్ళింది. ఆఫీసంటే పాత పార్టీవాళ్ళదే. బోర్డు మారింది, కుర్చీలు మారలేదు. మొఫిజ్ టీ తాగుతూ ఎదురు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"ఆతిక్ పేరెందుకు లేదు?"

"కేసంటే పెద్దవాళ్ళుండాలి ఆపా. అప్పుడే దానికి బరువు."

"కాల్చినవాడు లేకుండా బరువేంటి?"

"పోలీసుల పేర్లు పెడితే స్టేషన్లో కేసే తీసుకోరు. ఆ మాత్రం తెలియదా నీకు?"

"మరి కుద్దూస్ పేరెందుకు పెట్టావు?"

మొఫిజ్ నవ్వాడు. "షట్టర్ దించేశాడు, నా మొగుణ్ణి చంపేశాడు అని నువ్వే కదా బజారంతా తిట్టుకుంటూ తిరిగింది? నీ సంతోషం కోసమే పెట్టా. దండం పెట్టాల్సింది పోయి నన్ను నిలదీస్తున్నావు."

ఆ పేరు అతనికి అందించింది తన నోరే. కుద్దూస్ షాపు సరిగ్గా మలుపులో ఉంది, మొఫిజ్ బావమరిది ఆ షాపు కోసం రెండేళ్ళుగా తిరుగుతున్నాడు, ముద్దాయిల జాబితాలోంచి పేరు తీయించుకోవాలనుకునేవాళ్ళు డబ్బు పట్టుకుని మొఫిజ్ ఇంటిముందు వరస కడుతున్నారు. ఇవన్నీ ఆమెకి తర్వాత తెలిశాయి. కాని ఆ క్షణాన ఆమెకి వినబడింది మాత్రం బజారంతా తను తిట్టిన ఆ తిట్లే.

"ఆ కాగితం మార్చు," అంది.

"మారిస్తే కేసు పోద్ది. కేసు పోతే మీ ఆయన షహీద్ కాదు, రోడ్డు మీద పోయిన రిక్షావాడు. జాబితాలో పేరుండాలా వద్దా, ఆలోచించుకో ఆపా."

"ఆయన షహీదో కాదో నువ్వెవడివిరా చెప్పడానికి? జూలైలో నువ్వెక్కడున్నావు? అత్తారింట్లో మంచం కింద!"

అక్కడున్న నలుగురు కుర్రాళ్ళు లేచారు. మొఫిజ్ చెయ్యెత్తి ఆపాడు కాని, మొహంలో నవ్వు పోయింది.

స్టేషన్లో కొత్తగా వచ్చిన పెద్దాఫీసరు ఇంకొక రకం. ఆమె చెప్పిందంతా గోళ్ళు కత్తిరించుకుంటూ విన్నాడు.

"ఆతిక్ ఇప్పుడు ఇక్కడ లేడు. దక్షిణాన ఏదో జిల్లాకి బదిలీ అయ్యాడు. అయినా అతనే కాల్చాడని నీకెలా తెలుసు?"

"మా ఆయన చెప్పాడు."

"ఆయన వచ్చి మళ్ళీ చెప్తాడా?"

గదిలో ఉన్న కానిస్టేబుళ్ళు నవ్వారు. మొర్జినా వాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ చూసింది. జూలైలో ఉన్నవాళ్ళే ముగ్గురు కనిపించారు.

"ఇంకెవరన్నా చూశారా? సాక్షి ఉన్నాడా? లేకపోతే వెళ్ళి చేపలు కోసుకో," అన్నాడు ఆఫీసరు.

మానవ హక్కుల సంఘం తరఫున ఉచితంగా కేసులు చూసే నాజ్‌నీన్ అనే లాయరు దగ్గరికి ఆమెని పంపింది ఆ టైపు ముసలాయనే. నాజ్‌నీన్‌ది పదునైన గొంతు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, నిద్రలేక కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. బల్ల మీద ఇలాంటి కేసు కట్టలే.

"రెండు పనులున్నాయి," అంది ఆమె. "ఒకటి, కుద్దూస్ కాల్చలేదని మేజిస్ట్రేటు ముందు చెప్పాలి. రెండు, ఆతిక్ పేరు చెప్పాలి. మొదటిది చెప్తే జనం నిన్ను అమ్ముడుపోయావంటారు. రెండోది చెప్తే పోలీసులు నీ వెంటపడతారు. ఏది చెప్తావు?"

"రెండూ."

"కుద్దూస్ మీద కోపం లేదా?"

"చంపేయాలన్నంత ఉంది. కాని వాడు కాల్చాడని చెప్తే ఆతిక్ కాల్చలేదని చెప్పినట్టే కదా."

నాజ్‌నీన్ కలం ఆపి ఆమెని తేరిపార చూసింది. తర్వాత ఇంకేం అడగకుండా రాసుకుంది.

కోర్టు రోజున ఆవరణంతా మనుషులే. మొఫిజ్ తన బలగంతో ముందే దిగాడు. ఖైదీల బండి వచ్చి ఆగింది. పైన చిన్న జాలీ కిటికీలోంచి వేళ్ళు బయటికొచ్చాయి. గొంతు విని మొర్జినా గుర్తుపట్టింది.

"ఒసేయ్ చేపలదానా! నేను కాల్చలేదని నీకు తెలుసు! నీ మొగుణ్ణి చంపిందెవడో నేను చూశాను! షట్టర్ సందులోంచి నా కళ్ళతో చూశాను! ఆ నా కొడుకు యూనిఫాంలో హాయిగా తిరుగుతున్నాడు, నేనిక్కడ నల్లులతో పడుకుంటున్నాను! నీ నోరు పడిపోను!"

మొర్జినా నిలుచున్నచోటే ఆగిపోయింది. స్టేషన్లో అడిగినప్పట్నుంచీ సాక్షి కోసం ఆమె ఎక్కని గుమ్మం లేదు. సాక్షి షట్టర్ వెనకే ఉన్నాడు.

"విన్నారా?" అంది నాజ్‌నీన్‌తో.

"విన్నాను. ముందు వాణ్ణి బయటికి తీసుకొద్దాం," అంది నాజ్‌నీన్.

లోపల ఆమె మేజిస్ట్రేటు ముందు నిలబడింది. తొఫజ్జల్ చెప్పిన రెండు ముక్కలూ చెప్పింది. ఆతిక్ పేరు చెప్పింది. గాయం ఎటునుంచి ఎటు ఉందో తన ఒంటి మీద వేలు పెట్టి చూపించింది. తెల్ల కాగితాల మీద సంతకం సంగతీ దాచలేదు.

"అయితే ఎనభై ఏడో ముద్దాయి నిర్దోషి అంటావా?" అన్నాడు మేజిస్ట్రేటు.

"నిర్దోషి అనను సార్. వాడు షట్టర్ దించాడు, లైటార్పాడు. దానికి ఏదన్నా శిక్ష ఉంటే వెయ్యండి. కాని వాడు తుపాకీ పట్టలేదు."

మేజిస్ట్రేటు తలెత్తకుండా అదే మాట రాయించాడు.

బయటికి వస్తుంటే మొదటి కోడిగుడ్డు చెంప మీద పగిలింది. పాత మంత్రుల మీద విసరడానికి తెచ్చుకున్న గుడ్లు అవి. "అమ్ముడుపోయింది! షహీద్ పెళ్ళాం అమ్ముడుపోయింది!" అని అరుపులు. ఆ అరిచేవాళ్ళలో నిజంగా కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులు కూడా ఉన్నారు. అదే ఆమెకి బాధేసింది. మొఫిజ్ మనుషుల మీద ఉమ్మగలదు, వాళ్ళ మీద ఉమ్మలేదు. ఒకావిడ దగ్గరికొచ్చి, "ఎంత తీసుకున్నావే?" అని మెల్లిగా, దాదాపు జాలిగా అడిగింది. మొర్జినా సొన తుడుచుకుని నడిచింది.

ఆ వారంలోనే బజారులో ఆమె చోట్లో ఎవరో కొత్తమనిషి కత్తిపీట వేసుకు కూర్చుంది. మొఫిజ్ చెప్పాడట. పక్కన పదిహేనేళ్ళు కలిసి కూర్చున్న లైలీ తలొంచుకుని, "నన్నేం చెయ్యమంటావు ఆపా, నాకూ పొట్ట ఉంది," అంది. షహీదుల జాబితాలో తొఫజ్జల్ పేరు 'పరిశీలనలో' అని పడింది.

కుద్దూస్ డిసెంబరులో బెయిలు మీద వచ్చాడు. గడ్డం నెరిసి, సగానికి సగం అయిపోయాడు. మొర్జినా అదే సాయంత్రం షాపుకెళ్ళింది. అతను కౌంటరు వెనక మందుల డబ్బాల దుమ్ము దులుపుతున్నాడు.

"సాక్ష్యం చెప్పాలి నువ్వు," అంది.

"ఏం సాక్ష్యం?"

"బండిలోంచి అరిచావే, అదే."

"ఏదో కోపంలో అరిచాను. నేనేం చూడలేదు."

"చూశావు."

"చూడలేదన్నానా! నీ వల్ల రెండు నెలలు నరకం చూశాను. మళ్ళీ పోలీసువాడి మీద సాక్ష్యమా? నాకు పెళ్ళాం ఉంది, బీపీ ఉంది. వెళ్ళు ఇక్కణ్ణుంచి. కంపు."

"నిన్ను బయటికి తెచ్చింది నేను."

"లోపలేసిందీ నువ్వే! బాకీ లేదు. పో!"

మొర్జినా వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున కుద్దూస్ షట్టర్ ఎత్తేసరికి గడప ముందు, రోడ్డంచున, కత్తిపీట వేసుకుని కూర్చుని ఉంది. పక్కన బూడిద తట్ట, నీళ్ళ బకెట్టు, పేగులకో డబ్బా.

"ఏంటిది?"

"బజారులో నా చోటు పోయింది. ఇక్కడ కోసుకుంటాను. రోడ్డు నీ అబ్బదా?"

చేపలు కొనుక్కుని ఆ దారినే ఇళ్ళకెళ్ళేవాళ్ళు మొదట తటపటాయించారు. తర్వాత ఆగడం మొదలెట్టారు. ఆమె చేతి వాటం అలాంటిది. చిన్న చేపల పిత్తం చిట్లకుండా తీసేవాళ్ళు పేటలో ఆమె తప్ప లేరు. రెండు రోజులకే షాపు ముందు ఈగలు. నాలుగు రోజులకి పొలుసులు కౌంటరు మీదికి ఎగిరి మాత్రల పెట్టెలకి అంటుకున్నాయి. దగ్గు మందుకొచ్చిన ముసలమ్మ ముక్కు మూసుకుని వెనక్కి తిరిగింది. హొస్నె ఆరా మేడ మీంచి బకెట్టు నీళ్ళు కుమ్మరించింది.

"థాంక్స్ వదినా, చేపలు కడగాలనుకుంటున్నా," అంది మొర్జినా తల తుడుచుకుంటూ.

"సిగ్గులేని మొహమా! ఎన్నాళ్ళిలా?"

"మీ ఆయనకి కళ్ళు కనబడేదాకా."

కుద్దూస్ తిట్టాడు, బతిమాలాడు, షాపు మూసి ఇంట్లో కూర్చున్నాడు. మూసిన రోజునా ఆమె వచ్చింది. పేట జనానికి ఇది వేడుకైంది. "మందుల షాపులో ఇలిష్ చేప మాత్రలొచ్చాయా భాయ్?" అని కుర్రాళ్ళు అడిగిపోయేవాళ్ళు. కుద్దూస్‌కి నవ్వు రాలేదు. ఒక మధ్యాహ్నం అతనికి ఫోనొచ్చింది. అవతలివాడు పేరు చెప్పలేదు. "ఆ రోజు నీ షట్టర్ దించే ఉంది, గుర్తుందిగా? అలాగే ఉంచు," అన్నాడు. ఆ తర్వాత కుద్దూస్ ఆమెని తిట్టడం కూడా మానేశాడు. లోపల స్టూలు మీద కూర్చుని ఆమె వీపు వంక చూస్తుండేవాడు.

ముప్ఫై ఒకటో రోజున మొఫిజ్ వచ్చాడు, ఇద్దరు మనుషులతో. మొర్జినాని పలకరించకుండా దాటి లోపలికెళ్ళాడు.

"కుద్దూస్ భాయ్, ఈ ఆడమనిషి పీడ వదిలిస్తాను. నీ దగ్గర లంచం గుంజి కోర్టులో మాట మార్చిందని ఒక కేసు పెడదాం. దెబ్బకి లోపలుంటుంది. నీ పేరూ పూర్తిగా తీసేయిస్తాను. ఇదిగో, కింద ఒక సంతకం పెట్టు. పైన మేం రాసుకుంటాం."

కౌంటరు మీద పెట్టింది తెల్ల కాగితం.

మొర్జినా వినపడినా తిరిగి చూడలేదు. కత్తిపీట మీద చెయ్యి మాత్రం ఆగింది. కుద్దూస్ సంతకం పెడతాడనే అనుకుంది. తనూ అలాంటి కాగితం మీదే పెట్టింది కదా.

కుద్దూస్ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అతని చెయ్యి ఎప్పట్లాగే వణుకుతోంది.

"రాసి తీసుకురా. చదివి పెడతాను," అన్నాడు.

"నమ్మకం లేదా?"

"తెల్ల కాగితం మీద సంతకం ఏం చేస్తుందో నాకు తెలుసు మొఫిజ్. నల్లులు చెప్పాయి." అని ఆ కాగితం తీసుకుని, కౌంటరు దాటొచ్చి, మొర్జినా పక్కనున్న పేగుల డబ్బాలో వేశాడు. "ఇది నీదే. తీసుకుపో."

మొఫిజ్ మనుషులు ముందు గాజు అరలు పగలగొట్టారు. తర్వాత కుద్దూస్ మొహం మీద రెండు గుద్దారు. సిరప్పు సీసాలు పగిలి రోడ్డు మీదికి ఎర్రగా పారాయి. మొర్జినా లేచి, చేప రక్తమంటిన చేతులతో, "రండిరా! ఒక్కొక్కడే రండి! పేటంతా చూస్తోంది, కొట్టండి!" అని గొంతు చించుకుంది. ఎదురు టైలరు, పక్క టీ కొట్టువాడు, చేపల సంచులతో నిలబడ్డ ఆడవాళ్ళు గుమిగూడారు. ఒకావిడ ఫోను ఎత్తి వీడియో తీయసాగింది. మొఫిజ్ ఆ ఫోను వంక చూసి, కాలర్ సర్దుకుని వెళ్ళిపోయాడు.

కుద్దూస్ గాజు పెంకుల మధ్య కూర్చుని ముక్కు తుడుచుకున్నాడు. మొర్జినా అతనికి చెయ్యి అందివ్వలేదు. అతనూ అడగలేదు.

మర్నాడు పొద్దున ఇస్త్రీ చేసిన పంజాబీ లాల్చీ వేసుకుని, వాచిన పెదవితో వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"ఎక్కడికెళ్ళాలో చెప్పి చావు."

జూలై కాల్పుల కేసులు విచారించే ట్రిబ్యునల్ దర్యాప్తు ఆఫీసుకి ఒకే బస్సులో వెళ్ళారు. అతను ముందు కూర్చున్నాడు, ఆమె వెనక కూర్చుంది. నాజ్‌నీన్ అక్కడ ఎదురుచూస్తోంది. కుద్దూస్‌ని లోపలికి తీసుకెళ్ళారు. మొర్జినా వసారాలో బెంచీ మీద కూర్చుంది. రెండు గంటలు గడిచాయి. చివర్లో రాసిందంతా సాక్షికి చదివి వినిపించేటప్పుడు ఫ్యాను లేక తలుపు తీసే ఉంచారు.

"...బండి మీద కాలికి దెబ్బతగిలిన మనిషిని తెచ్చి తొఫజ్జల్ నా షట్టర్ కొట్టాడు. దూది అడిగాడు. నేను పలకలేదు. అంతలో ఎస్సై ఆతిక్, ఇద్దరు కానిస్టేబుళ్ళు నడుచుకుంటూ వచ్చారు, పరుగెత్తలేదు. బండి వదిలి పక్కకి జరగమన్నాడు ఎస్సై. తొఫజ్జల్ రెండు చేతులూ ఎత్తి, 'మనిషికి దెబ్బ తగిలింది సార్, దించి వెళ్తాను' అన్నాడు. ఎస్సై నాలుగు బారల దూరం నుంచి కాల్చాడు. వాళ్ళు వెళ్ళిపోయాక తొఫజ్జల్ షట్టర్ దాకా పాక్కుంటూ వచ్చాడు. మూడుసార్లు తట్టాడు. 'కుద్దూస్ భాయ్' అని పిలిచాడు. తాళంచెవి నా చేతిలోనే ఉంది. తియ్యలేదు. తర్వాత అతని భార్య వచ్చింది. అప్పుడూ తియ్యలేదు."

దర్యాప్తు అధికారి గొంతు ఆగింది. "ఈ చివరి భాగం కేసుకి అవసరం లేదు. ఉంచమంటారా?"

"ఉంచండి," అన్నాడు కుద్దూస్.

మొర్జినా బెంచీ అంచు పట్టుకుని కూర్చుంది. మూడుసార్లు తట్టాడన్న సంగతి ఆమెకి తెలియదు. భాయ్ అని పిలిచాడన్న సంగతి తెలియదు. తను రాకముందే ఆయన అలా అడుక్కున్నాడని ఇన్ని నెలలూ తెలియదు.

కుద్దూస్ సంతకం పెట్టి బయటికొచ్చాడు. మొర్జినా లేచి, కాలి చెప్పు తీసి, అతని భుజం మీద ఒక్క దెబ్బ కొట్టింది. చప్పుడుకి గేటు దగ్గరి కానిస్టేబులు పరుగెత్తుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వదులు," అన్నాడు కుద్దూస్. "అది మా వీధి గొడవ."

నాజ్‌నీన్ ఇద్దరి మధ్యా నిలబడి చూసింది. మొర్జినా చెప్పు తొడుక్కుని బస్టాండుకి నడిచింది. అతను తర్వాతి బస్సులో వచ్చాడు.

చైత్రంలో ఆతిక్‌ని పని చేస్తున్న జిల్లాలోనే, డ్యూటీలో ఉండగా పట్టుకున్నారు. మొఫిజ్‌కి ఏమీ కాలేదు. అతని జాబితాలో ఇంకా నూట ముప్ఫైమందికి పైగా ఉన్నారు, వాళ్ళలో చాలామంది ఆవేళ ఆ పేటలో కాలుపెట్టినవాళ్ళు కూడా కారు. ఆ కేసు అలాగే నడుస్తోంది. తొఫజ్జల్ పేరు పక్కన 'పరిశీలనలో' అన్న మాటా అలాగే ఉంది.

ఆతిక్‌ని మొదటిసారి ట్రిబ్యునల్‌కి తెచ్చినరోజు మొర్జినా మూడో వరసలో కూర్చుంది. కుద్దూస్ అటు చివర గోడవారగా కూర్చున్నాడు. ఆతిక్ మామూలు చొక్కాలో ఉన్నాడు. మీసం తీసేశాడు. బోనులోకి వెళ్తూ గది మొత్తం ఒకసారి కలయజూశాడు. మొర్జినా మీద ఆ చూపు ఆగలేదు. ఆమెవరో అతనికి తెలియదు. ఆమె మొగుడెవరో అప్పటికీ తెలుసో లేదో. అది చూసి మొర్జినాకి చెప్పలేనంత మంట పుట్టింది. తన ఇల్లు కూల్చినవాడి మొహంలో తనకోసం కనీసం భయమన్నా ఉంటుందని ఆమె అనుకుంది.

అభియోగాలు చదివారు. తొఫజ్జల్ పేరు వచ్చింది. తండ్రి పేరు, వయసు, వృత్తి అన్నీ తప్పులేకుండా చదివారు. ఆ పేరు వచ్చినప్పుడు మొర్జినా లేచి నిలబడింది. కూర్చోమని బంట్రోతు చెయ్యి ఊపాడు. ఆమె కూర్చోలేదు. అప్పుడు ఆతిక్ ఆమెని చూశాడు.

అవతలి లాయరు గడువు అడిగాడు. నలభై రోజులకి వాయిదా పడింది.

బయట వరండాలో బంట్రోతు బల్ల దగ్గర మొర్జినా వాయిదా తేదీ చీటీ మీద రాయించుకుంది. ఆమె వెనక వరసలో నిలబడ్డ కుద్దూస్ ముందుకొచ్చి, "నాకూ ఒకటి రాసివ్వండి," అన్నాడు.